చెక్క చేపల ఊరు డవాజాక్

"అమెరికా వెళ్ళొచ్చాను" అంటే చాలు, అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. నయాగరా చూశారా? డిస్నీ వరల్డ్ చూశారా? నయాగరా చూశాం. దాని గురించి ఇప్పటికే ఎంతోమంది రాశారు, మళ్ళీ నేను రాసేదేముంటుంది? నేను చెప్పబోయే ఊరు టూరిస్టులు వెతుక్కుంటూ వెళ్ళేది కాదు. మిషిగన్ రాష్ట్రంలో నైరుతి మూల, ఆరువేల జనాభా కూడా లేని చిన్న ఊరు. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే ఎవరైనా 'డొవాగియాక్' అనే చదువుతారు. అక్కడివాళ్ళు మాత్రం 'డవాజాక్' అంటారు. పొటవాటమీ అనే ఆదివాసుల భాషలోంచి వచ్చిన పేరట. ఆ తెగలో ఒక శాఖవారి ప్రధాన కార్యాలయాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి.

ఈ ఊరికి పేరు తెచ్చింది గుడీ కాదు, కోటా కాదు. చేపల్ని పట్టే బొమ్మలు! మన ఊళ్ళల్లో గాలానికి వానపామునో, పిండిముద్దనో గుచ్చుతారు కదా. అమెరికాలో 'బాస్' అనే చేపని పట్టడానికి చెక్కతో చిన్న చేపపిల్లలా, కప్పలా బొమ్మ చేసి, రంగులు వేసి, దానికే గాలాలు తగిలించి నీళ్ళలోకి విసురుతారు. అది నిజం చేపే అనుకుని బాస్ వచ్చి నోరు పెడుతుంది. ఈ బొమ్మ ఎరల్ని 'లూర్' అంటారు. వందేళ్ళ కిందటి లూర్లని ఇప్పటికీ వెతికి వెతికి కొనేవాళ్ళున్నారు. వాటిలో కొన్ని నమూనాలు ఈనాటికీ కొత్తగా తయారై షాపుల్లోకి వస్తున్నాయి. మన ఇళ్ళల్లో ఏ వస్తువైనా వందేళ్ళు అదే ఆకారంలో అమ్ముడుపోవడం చూశామా? రోలూ, రోకలే మూల పడిపోయాయి!

పెట్టె కథ

మా చెల్లెలు వాళ్ళుండేది షికాగో దగ్గర అరోరాలో. బాలాజీ గుడి ఉన్న ఊరంటే మనవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. 2017 వేసవిలో నేను వెళ్ళేసరికి వాళ్ళ పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఉంది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త పోయి రెండేళ్ళయిందిట. ఒక్కతే అంత ఇల్లు చూసుకోలేక, పెద్దవాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్‌లోకి మారిపోతోంది. నలభై ఏళ్ళ సామాను రెండు గదుల్లోకి కుదించాలి! సోఫాలు, పింగాణీ గిన్నెలు, దుప్పట్లు అన్నీ గరాజ్‌లో పరిచి, ఒక్కోదానికీ చీటీ అంటించి ధర రాసిపెట్టింది. అక్కడ దాన్ని 'గరాజ్ సేల్' అంటారు.

అన్నిటికీ చీటీ అంటించిన ఆవిడ ఒక్క ఇనప్పెట్టె దగ్గర మాత్రం ఆగిపోయింది. అది భర్త గాలాల పెట్టె. మూత తీస్తే అరలు మెట్లు మెట్లుగా పైకి విచ్చుకుంటాయి. మన పోపుల పెట్టెలో గిన్నెకో దినుసు ఉన్నట్టు, అరకో బొమ్మ. కొడుకులిద్దరూ దూరాన ఉన్నారు, చేపల సరదా లేదు. "అమ్మేయమ్మా" అన్నారట. సేల్‌కి ముందురోజే ఒకాయన వచ్చి పెట్టె మొత్తానికి నూట యాభై డాలర్లు ఇస్తానన్నాడు. ఆవిడ సరే అనలేదు, వద్దూ అనలేదు.

"వీటిలో చాలావరకు డవాజాక్‌లో తయారైనవే. ఒకసారి ఆ ఊరు చూసి వచ్చాక చెబుతాను" అంది. అంత దూరం కారు నడపలేదు. మా చెల్లెల్ని తోడు రమ్మంది. అలా ఆవిడ, మా చెల్లెలు, దాని పదమూడేళ్ళ కొడుకు, నేను... నలుగురం బయల్దేరాం. ఆ పెట్టె కూడా మాతోనే!

రైలు ప్రయాణం

షికాగో యూనియన్ స్టేషన్ నుంచి డెట్రాయిట్ వైపు వెళ్ళే 'వుల్వరీన్' రైళ్ళలో కొన్ని డవాజాక్‌లో ఆగుతాయి. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. గేరీ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలు దాటాక అంతా పచ్చదనమే. మొక్కజొన్న చేలు, ద్రాక్ష తోటలు, మధ్యమధ్య చిన్న చిన్న చెరువులు. మా గోదావరి జిల్లాలో రైలెక్కినట్టే అనిపించింది, కొబ్బరిచెట్లు ఒక్కటే తక్కువ. ఒక విషయం గుర్తుంచుకోవాలి. మిషిగన్‌లో గడియారం షికాగో కంటే గంట ముందుంటుంది. తిరుగు రైలు చూసుకునేటప్పుడు ఆ లెక్క తప్పితే స్టేషన్‌లో జాగరణే! స్టేషన్ 1903లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ముచ్చటగా ఉంటుంది.

ఊళ్ళోని చరిత్ర మ్యూజియంలో నన్ను మొదట ఆకట్టుకున్నది చేపలు కాదు, పొయ్యిలు! 1871లో ఇక్కడ మొదలైన 'రౌండ్ ఓక్' కంపెనీ పొయ్యిలు ఒకప్పుడు అమెరికా అంతటా ఇళ్ళని వెచ్చగా ఉంచాయట. గుండ్రటి ఇనుప పొట్ట, పైన నగిషీ కిరీటం. ఆ చలిదేశంలో ఇల్లాలికి అదే ప్రాణాధారం. దాన్ని ఎవరు తుడిచి మెరిపించేవారో, తెల్లవారుజామున ఎవరు ముందు లేచి రాజేసేవారో అక్కడెక్కడా రాసిలేదు. మనకి చెప్పక్కర్లేదు కదండీ.

తేనెటీగల మనిషి, చెక్కముక్క

ఇక చేపల కథ. జేమ్స్ హెడ్డన్ అనే ఆయన ఈ ఊళ్ళో తేనెటీగలు పెంచేవాడు. 1885లో కొత్తరకం తేనెపెట్టెకి పేటెంట్ కూడా తీసుకున్నాడు. ఒకరోజు మిల్లు చెరువు గట్టున స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక, జేబుకత్తితో ఓ చెక్కముక్కని చెక్కాడట. స్నేహితుడు వచ్చాక లేచి వెళ్ళబోతూ ఆ ముక్కని నీళ్ళలోకి విసిరేస్తే, ఓ బాస్ చేప ఎగిరి దాన్ని పట్టుకుందట! "ఎరే లేదు, ఉత్త చెక్క... అయినా పట్టింది!" అని ఆయన బుర్రలో దీపం వెలిగింది. ఇది ఆ ఊరు తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ తర్వాత ఆయన తనకీ స్నేహితులకీ చెక్కకప్పలు చేసుకున్నాడన్నది మాత్రం నిజం. అలాంటివి ఇప్పుడు చాలా కొద్దే మిగిలాయి. 1902లో పేటెంట్ వచ్చింది, కొడుకుతో కలిసి కంపెనీ పెట్టాడు. ఇంటిపట్టున మొదలైన పని పెరిగి పెద్ద ఫ్యాక్టరీ అయింది. తయారైన ఎరలకి ఊరి పేరే పెట్టారు, 'డవాజాక్' అని.

అద్దాల బీరువాల్లో ఆ ఎరల్ని చూస్తుంటే నాకు మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలే గుర్తొచ్చాయి. అక్కడ తేలికైన దేవదారు జాతి చెక్క, ఇక్కడ తెల్లపొణికి, అంకుడు. అక్కడ తరిమెన పట్టి గుండ్రంగా తీసి, పొర మీద పొరగా ఎనామిల్ రంగు వేసి, గాజుకళ్ళు పొదిగేవారు. చేప ఒంటి మీద పొలుసులు ఎలా వేసేవారో తెలుసా? సన్నటి వలగుడ్డని చెక్క మీద బిగించి, పైనుంచి రంగు చిమ్మేవారు. గుడ్డ తీసేస్తే కన్నాల మేర రంగు దిగి, అచ్చం పొలుసుల్లా కనిపిస్తుంది. చిల్లుల డబ్బాతో మనం ముగ్గు వేసినట్టే!

వంటింటి వస్తువులే!

ఈ బొమ్మ ఎరల చరిత్ర తవ్వినకొద్దీ వంటింటి వస్తువులే బయటపడతాయి. జూలియో బ్యూయెల్ అనే ఆయన పడవలో భోజనం చేస్తూ చెంచా నీళ్ళలో జారవిడిచాడట. అది తళుక్కుమంటూ మునుగుతుంటే చేప వచ్చి పట్టుకుందట. ఇంటికెళ్ళి చెంచా తొడిమ కోసేసి, గాలం తగిలించాడు. 1852లో ఆయనకి పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ ఆ రకం ఎరని 'స్పూన్' అనే అంటారు. ఆ ఇంట్లో చెంచాలు లెక్క తగ్గినప్పుడు ఇల్లాలు ఏమందో!

ఫిన్లాండ్‌లో లౌరి రపాలా అనే పేద జాలరి కథ ఇంకా బాగుంటుంది. పెద్ద చేపలు గుంపులోని అన్ని చేపపిల్లల్నీ వదిలేసి, కాస్త కుంటుతూ, ఒరుగుతూ ఈదే దాన్నే పట్టడం ఆయన పడవలోంచి గమనించాడు. 1936లో కార్కు ముక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ల మీది వెండికాగితం చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు. నీళ్ళలో వేస్తే అచ్చం దెబ్బతిన్న చేపపిల్లలాగే ఊగుతూ ఈదింది. తర్వాత బాల్సా చెక్కతో చేయడం మొదలైంది. 1962లో మార్లిన్ మన్రో మరణం తర్వాత ఆవిడ ముఖచిత్రంతో వచ్చిన 'లైఫ్' పత్రిక సంచికలో ఈ ఎర గురించిన వ్యాసం పడింది. ఆ సంచిక విపరీతంగా అమ్ముడుపోవడంతో రపాలా ఎరకి ఆర్డర్లు వెల్లువెత్తాయి. అదృష్టం ఏ గుమ్మంలోంచి వస్తుందో ఎవరికి తెలుసు!

అన్నిటికంటే నన్ను కదిలించింది మాత్రం జార్జి పెర్రీ కథ. 1932 జూన్ 2. అమెరికాలో పనుల్లేక, తిండికి కటకటలాడుతున్న రోజులు. జార్జియా రాష్ట్రంలో పెర్రీ అనే పేదరైతు కుర్రాడు, స్నేహితుడూ కలిసి చేపలకి వెళ్ళారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క చెక్క ఎర. ఇండియానాలో క్రీక్ చబ్ అనే కంపెనీ చేసింది. దానికి పడిన బాస్ బరువు 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలు! ఆ రికార్డుని 2009లో జపాన్‌లో ఒకాయన అందుకునేదాకా, డెబ్భై ఏడేళ్ళు ఎవరూ చేరుకోలేదు. మరి అంత గొప్ప చేపని పెర్రీ ఏం చేశాడు? ఇంటికి తీసుకెళ్ళాడు. వండుకుని అందరూ తిన్నారు! నవ్వొచ్చినా నాకు చాలా నచ్చింది. ఇంట్లో ఆకలితో ఉన్న మనుషులుంటే రికార్డు ఎవరిక్కావాలి?

ధర వేరు, విలువ వేరు

మేం మ్యూజియం చూస్తుండగా, పాత ఎరలు సేకరించే ఒక పెద్దాయన తారసపడ్డాడు. మా పక్కింటావిడ సంకోచిస్తూనే పెట్టె తెరిచి చూపించింది. ఆయన ఒక్కో బొమ్మనీ గాలాలు గుచ్చుకోకుండా రెండువేళ్ళతో ఎత్తి, కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. నగల షాపులో మన గాజులు చూసినట్టు!

మూడు బొమ్మలు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి, నీళ్ళే తగల్లేదు. వాటిని వేరుగా పెట్టాడు. "ఈ మూడే కొన్ని వందల డాలర్లు చేస్తాయి. పెట్టె మొత్తం నూట యాభైకి ఇచ్చేస్తే మోసపోతారు" అన్నాడు. రంగు పోకుండా ఉండాలి, గాజుకళ్ళు పగలకూడదు, అసలు అట్టపెట్టె ఉంటే ఇంకా ధర. పాతదైందని మళ్ళీ రంగు వేస్తే మటుకు ధర పడిపోతుంది. 1859లో పేటెంట్ అయిన హాస్కెల్ అనే ఆయన రాగి చేపబొమ్మ ఒకటి 2003 వేలంలో లక్షా పన్నెండు వందల డాలర్లకి పోయిందని చెబితే మా చెల్లెలు నోరు తెరిచింది. "అక్కా, దాంతో హైదరాబాద్‌లో ఫ్లాటు వచ్చేది!"

చివరికి ఓ ఆకుపచ్చ బొమ్మ తీశాడు. ఒంటినిండా పళ్ళగాట్లు, రంగు పెచ్చులు లేచిపోయి చెక్క కనబడుతోంది, ఒక కన్ను లేదు. "దీనికి ఏమీ రాదమ్మా" అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. "నిజంగానా? ఎవరూ కొనరు కదా?" అని రెండుసార్లు అడిగింది. ఆ బొమ్మ ఆవిడ పెళ్ళినాటిదిట. భర్త ఏ ఆదివారం చెరువుకి వెళ్ళినా మొదట అదే విసిరేవాడట. దాని మీద ప్రతి గాటూ ఒక ఆదివారమే. దానికీ వందల్లో ధర చెబితే, ఇల్లు మారే ఖర్చుల్లో ఉన్న తను అమ్మకుండా ఉండగలదా అని ఆవిడ భయం. చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. మా చెల్లెలు నా చెవిలో అంది, "చేప కొరకని దానికి ధర, కొరికిన దానికి విలువ" అని. ఎంత నిజం!

ఇంతకీ పాతవాటికి ఇంకా చేపలెందుకు పడతాయి?

ఇదే మాట ఆ పెద్దాయన్ని అడిగాను. ఆయన చెప్పింది నాకర్థమైనంతలో రాస్తాను. మనుషులు మారారు గానీ చేప మారలేదు. బాస్ నాచులో, మొద్దుల చాటున పొంచి ఉండి, మీదికి వచ్చిన దాన్ని ఒక్క ఉదుటున మింగే రకం. ఆకలేసినా పడుతుంది, గూటి దగ్గరికి ఏదైనా వస్తే కోపంతోనూ కరుస్తుంది. దాని ఒంటి పక్కన ఉండే గీత నీటిలో చిన్న అలజడిని కూడా పసిగడుతుంది. అందుకే చీకట్లోనూ శబ్దం చేసే ఎర వైపు వస్తుంది. ఒహాయోలోని ఏక్రన్‌లో ఫ్రెడ్ ఆర్బోగాస్ట్ 1938లో తెచ్చిన 'జిట్టర్‌బగ్' అలాంటిదే. మూతి దగ్గర పెద్ద రేకు పెదవి ఉంటుంది. దారం మెల్లగా చుట్టుకుంటూ పోతే చాలు, నీటి మీద 'బుడుంగ్... బుడుంగ్' అంటూ ఊగుతూ వస్తుంది. వేరే నేర్పేమీ అక్కర్లేదు, చిన్నపిల్లలైనా పట్టొచ్చు. ఆయనదే ఇంకో రకానికి రబ్బరు కుచ్చిళ్ళ లంగా కూడా ఉంది!

వింటుంటే నాకు మన కొర్రమీను గుర్తొచ్చింది. అదీ ఇలాగే తూటికాడల్లో నక్కి కప్పల మీద దూకుతుంది, పిల్లల్ని కాపలా కాస్తుంది. మా పుట్టింటి ఊళ్ళో కప్పపిల్లని గాలానికి గుచ్చి కొర్రమీనుని పట్టేవారు. తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనునే రాష్ట్ర చేపగా ప్రకటించింది కూడా.

పక్కింటావిడ పెట్టెలో ఓ జిట్టర్‌బగ్ కూడా ఉంది. తిరిగొచ్చిన ఆదివారం సాయంత్రం, కాలనీ చెరువు దగ్గర, ఎప్పుడూ ఫోనులోంచి తలెత్తని మా చెల్లెలి కొడుక్కి ఆవిడే కర్ర పట్టుకోవడం నేర్పింది. "తొందరపడకు, శబ్దం విను" అంటూ వెనక నిలబడింది. గంటసేపు ఏమీ లేదు. పొద్దు వాటారాక ఒక్కసారి నీళ్ళు పగిలినట్టు చప్పుడు! రెండు కిలోలు కూడా ఉండదు గానీ వాడి మొహం చూడాలి. నేను మనసులో అప్పుడే చింతపండు నానబెట్టేశాను. ఇంతలో వాడు గాలం జాగ్రత్తగా విప్పి, చేపని నీళ్ళలోకి వదిలేశాడు!

"అయ్యో, పట్టుకుని వదిలేస్తావేంట్రా?" అన్నాను.

"మళ్ళీ పట్టాలిగా పెద్దమ్మా" అన్నాడు తెలుగులో. అక్కడ బాస్‌ని పట్టి వదిలేయడం అలవాటుట. 1972లో పోటీల్లో మొదలుపెట్టి, చేపల్ని కాపాడుకోవడానికి అదే పద్ధతి ప్రచారం చేశారు. వదిలేస్తేనే పెద్దదవుతుంది, పిల్లలు పెడుతుంది. గోదావరి దాన్ని, చేప నీళ్ళలోకి తిరిగి పోతుంటే ప్రాణం ఉసూరుమంది గానీ, ఆలోచిస్తే సబబే అనిపించింది. మన పులస కూడా ఏటికేడు ఎందుకు తగ్గిపోతోందో మనకి తెలియనిదా?

అట్టపెట్టెల్లోని మూడింటినీ ఆవిడ అమ్మేసింది, ఇల్లు మారే ఖర్చుకి ఆ డబ్బు అక్కరకొచ్చింది. జిట్టర్‌బగ్ మా వాడికిచ్చింది. ఆకుపచ్చ బొమ్మ కొత్తింట్లో కిటికీ దగ్గర వేలాడుతోందని, దాని గాలాలు తీసేసిందని చెల్లెలు తర్వాత ఫోనులో చెప్పింది.

వెళ్ళాలనుకునేవారికి

షికాగో చుట్టుపక్కల పిల్లలున్నవారు ఒక్కరోజులో డవాజాక్ చూసి రావచ్చు. మ్యూజియం వేళలు ముందే ఫోను చేసి కనుక్కోండి. హెడ్డన్ ఎరలు ఇప్పుడు ఆ ఊళ్ళో తయారు కావడం లేదు, 1980లలో కంపెనీ చేతులు మారి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. వెస్ట్ స్ట్రీట్‌లో పాత ఫ్యాక్టరీ భవనం మాత్రం ఉంది. మిషిగన్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళు గాలం వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి. భోజనం సంగతి మీకు తెలిసిందే, పులిహోర కట్టుకెళితే హాయి. పాత ఎరలకి మూడేసి ముళ్ళ గాలాలుంటాయి కాబట్టి చంటిపిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు.

ఆ పెద్దాయన చెప్పిన ఇంకో మాట మన ఇళ్ళకీ పనికొస్తుంది. పాత చెక్కబొమ్మల్ని కడక్కూడదు, రుద్దకూడదు, కొత్త రంగు వేయకూడదు. మీ ఇంట్లో అమ్మమ్మల నాటి కొండపల్లి బొమ్మలుంటే తడిగుడ్డ పెట్టకండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఎండ తగలని చోట ఉంచండి. రంగు వెలిసినా, ముక్కు విరిగినా ఫర్వాలేదు. ఆ ముక్కు విరిచిన పిల్లెవరో ఇంట్లో అందరికీ తెలుసు కదా!